బొంతలు కుట్టే సంఘం: డబ్బు, గుడ్డలు, తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి?

తుంగభద్ర_ఒడ్డు (కర్నూలు)

అందరికీ నమస్కారం. నాలుగేళ్ళ కిందట నా మనవరాలు పుట్టింది. అంగడిలో కొన్న మెత్తటి పరుపు మీద పడుకోబెడితే పిల్లకు వీపంతా చెమటకాయలు. మా అత్తగారి పాత నూలు చీరలు నాలుగు తీసి బొంత కుడదామని కూర్చున్నాను. పక్కింటావిడ చూసి నేనూ ఒక చెయ్యి వేస్తానంది. ఆమె వెనక ఇంకో ముగ్గురు వచ్చారు. అలా మొదలైంది. ఇప్పుడు 23 మందిమి. ప్రతి శనివారం మధ్యాహ్నం 2 నుంచి 5 దాకా మా మిద్దె మీద రేకుల షెడ్డులో కూర్చుంటాం.

ఐదుగురం ఉన్నప్పుడు మాటామాటా రాలేదు. ఇప్పుడు వారానికొక పంచాయితీ. ఒక లాడ్జి ఆయన 12 బొంతలు కావాలన్నాడు, కుట్టి ఇచ్చాం. వచ్చిన డబ్బు నేను అందరికీ సమానంగా పంచాను. వారం వారం వచ్చి వేళ్ళు పగిలేలా కుట్టినవాళ్ళకూ, రెండు సార్లు వచ్చి టీ తాగి పోయినవాళ్ళకూ ఒకటే వాటా. బాగా కుట్టే ఇద్దరు అలిగి మానేశారు. తప్పు నాదే.

ఇక గుడ్డల సంగతి. అందరూ మూటలు తెచ్చి మా ఇంట్లో పడేసిపోతారు. బీరువా నిండింది, మంచం కింద నిండింది. "ఇది ఇల్లా, పాతగుడ్డల మండీనా" అంటాడు మా ఆయన.

సంఘంగా పెట్టుకుంటే మేలా? పదవులు ఉండాలా? రిజిస్టర్ చేయించాలా? నడిపినవాళ్ళు ఉంటే చెప్పండి.

---

గంతకు_తగ్గ_బొంత (ఆదోని)

అక్కా, పదవుల జోలికి మాత్రం పోవద్దు. మా వీధి వినాయక చవితి కమిటీలో ప్రెసిడెంటు, ఇద్దరు వైస్ ప్రెసిడెంట్లు, నలుగురు గౌరవ సలహాదారులు ఉన్నారు. విగ్రహం మోసే రోజు మాత్రం నేనూ, మా తమ్ముడూ.

---

అనంత_సూదిదారం (అనంతపురం)

తమ్ముడు నవ్వులాటకు చెప్పినా అందులో సగం నిజమే. మేం ఆరేళ్ళుగా నడుపుతున్నాం. పుస్తకంలో 31 పేర్లు, కూర్చునేది 18 మంది. మాకు ప్రెసిడెంటు లేదు. మూడు పనులు, ముగ్గురు మనుషులు: డబ్బు చూసే ఆమె, గుడ్డలు చూసే ఆమె, పని పంచే ఆమె. ఏడాదికొకసారి ఉగాది తర్వాత మారతారు. ఎవరూ వరుసగా రెండేళ్ళు ఉండకూడదు. మొదట్లో "నాకు లెక్కలు రావు" అన్నవాళ్ళే ఇప్పుడు బ్యాంకు పాస్‌బుక్కు చదివి తప్పులు పడుతున్నారు.

అందరూ డబ్బు చూడటమే కష్టం అనుకుంటారు. కాదు. గుడ్డలు చూడటం కష్టం. అందుకే దాని గురించే ఎక్కువ రాస్తున్నా, విసుక్కోవద్దు.

పాత చీర ఇస్తామంటే వద్దనడం ఎవరికీ చేతకాదు. మేమూ మొదట్లో అన్నీ తీసుకున్నాం. సగం పాలిస్టర్. పాలిస్టర్ చీర లోపల పెడితే జారిపోతుంది, ఉతికాక ఒక మూలకు ముద్దగా చేరుతుంది. వేసవిలో ఒంటికి ఆనదు. ఇప్పుడు నూలు చీరలు, నూలు పంచెలు, పాత దుప్పట్లు మాత్రమే. గుడ్డల ఆమె ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చి చూస్తుంది. కాగితం కాలిన వాసన వచ్చి బూడిద రాలితే నూలు. ముద్దకట్టి గట్టి పూసలా అయితే ఇచ్చినామెకు అప్పటికప్పుడే తిరిగి ఇచ్చేస్తుంది.

రెండోది, ఉతకని గుడ్డ గడప దాటి లోపలికి రాకూడదు. వేడినీళ్ళలో నానబెట్టి, ఉతికి, రెండు రోజులు ఎండలో వేసి తేవాలి. ఇంకో మాట కూడా ఉంది, దాచి లాభం లేదు. "ఎవరు కట్టి విడిచిన చీరో" అని మొదటి ఏడాది కొందరు ముట్టుకోవడానికి వెనకాడారు. ఆ "ఎవరు" అనే మాటలో ఏముందో మన ఊళ్ళలో అందరికీ తెలుసు. మేం వాదించలేదు. అన్ని గుడ్డలూ కలిపి ఒకే రోజు, ఒకే గాబులో అందరం కలిసి ఉతికాం. ఆరాక ఏది ఎవరిదో ఇచ్చినవాళ్ళే గుర్తుపట్టలేదు. ఒకామె మాత్రం ఆ రోజు రాలేదు, తర్వాతా రాలేదు.

మూడోది రంగు. తడి తెల్లగుడ్డతో రుద్ది చూడండి. ఎరుపు, నీలం దిగుతుంటే ఆ చీర లోపలి పొరకు కూడా పనికిరాదు. ఒక ఎర్ర చీర మా ఐదు రోజుల పనిని గులాబి రంగు చేసింది.

కొలత తెలిస్తే గుట్టలు పోగేయరు. చీర 5.5 మీటర్లు, అంటే సుమారు 216 అంగుళాలు. పన్నా, అంటే వెడల్పు, 45 అంగుళాలు. సగానికి కోసి రెండు ముక్కలు పక్కపక్కన కలిపితే 90 అంగుళాల వెడల్పు, 108 అంగుళాల పొడవు. డబుల్ మంచానికి సరిపోయే ఒక పొర. పైకి ఒకటి, కిందికి ఒకటి, లోపల రెండు. మొత్తం నాలుగు చీరలు. చినుగులు పోను ఐదు అనుకోండి. మా దగ్గర 60 చీరలకు మించి ఉంటే గుడ్డల ఆమె "ఈ నెల వద్దు" అని గ్రూపులో పెట్టేస్తుంది. మీ మంచం కింద ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టారా అక్కా?

---

తుంగభద్ర_ఒడ్డు (కర్నూలు)

ఇప్పుడే లెక్కపెట్టి వచ్చా. 214. నవ్వొద్దు.

---

పుస్తకాలక్క (కడప)

నేను పన్నెండేళ్ళు పొదుపు సంఘాలకు పుస్తకాలు రాశాను, అదే అనుభవంతో చెప్తున్నా. మన ఆడవాళ్ళకు సంఘం నడపడం కొత్త కాదు. డ్వాక్రా వచ్చి నలభై ఏళ్ళు దాటింది. పంచసూత్రాలు ఎవరినైనా నిద్రలో లేపి అడగండి: క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో తిరిగి చెల్లింపు, పుస్తకాల నిర్వహణ. బొంతల సంఘానికి ఇందులో మొదటిదీ చివరిదీ చాలు. మధ్యలో మూడూ తెచ్చి పెట్టారంటే అది పొదుపు సంఘమవుతుంది. బొంతలు పక్కకు పోతాయి. మా పక్క ఒక సంఘానికి సరిగ్గా అదే జరిగింది. అప్పు తీసుకుని వాయిదా కట్టలేనామె సిగ్గుపడి సూది పట్టడానికీ రావడం మానేసింది.

తుంగభద్ర వదినా, మీ గొడవకు మూలం నాకు అర్థమైన కాడికి ఇదీ. మీ షెడ్డులో రెండు పనులు జరుగుతున్నాయి. ఒకటి సరదాకు, మనవలకు, ఇరుగుపొరుగుకు కుట్టేది. ఇంకోటి డబ్బుకు కుట్టేది. రెండూ ఒకే చాప మీద, ఒకే లెక్కలో ఉన్నాయి. వాటిని విడదీయండి. శనివారం సరదాది, అందులో రూపాయి మాట వద్దు. ఆర్డరు వస్తే ఇంకో రోజు పెట్టండి, ఇష్టమున్నవాళ్ళే పేరు రాయించుకుంటారు. రెంటికీ రెండు నోటుపుస్తకాలు. 100 పేజీలది చాలు.

డబ్బు పుస్తకంలో వచ్చింది ఎడమ, పోయింది కుడి. నెలాఖరున అందరి ముందు గట్టిగా చదవాలి. చదవడం ముఖ్యం. "పుస్తకం ఉంది కదా, చూసుకోండి" అంటే ఎవరూ చూడరు, అనుమానం మాత్రం పెరుగుతుంది. బ్యాంకు ఖాతా ఇద్దరి సంతకాలతో తీయండి. ఆ ఇద్దరూ తోడికోడళ్ళు కాకుండా చూసుకోండి, అనుభవం మీద చెప్తున్నా!

---

ప్రొద్దుటూరు_ఆడబిడ్డ

నేను పుట్టింది ప్రొద్దుటూరు, ఉండేది న్యూజెర్సీ. ఇక్కడ క్విల్టింగ్ గిల్డ్‌లో, అంటే బొంతలు కుట్టేవాళ్ళ సంఘంలో చేరి తొమ్మిదేళ్ళయింది. వీళ్ళ పద్ధతి చెప్తా, మనకు పనికొచ్చేది తీసుకోండి.

నెలకొక సమావేశం, ఏడాదికి చందా. ప్రెసిడెంటు, సెక్రటరీ, ట్రెజరర్ ఎలాగూ ఉంటారు. అసలు పని చేసేది కమిటీలు. నెలనెలా ఎవరినో పిలిచి కొత్త పని నేర్పించే కమిటీ ఒకటి, పుస్తకాలూ నమూనాలూ చూసే కమిటీ ఒకటి, ఆసుపత్రుల్లో పసిపిల్లలకు ఉచితంగా ఇచ్చే బొంతల కమిటీ ఒకటి. ఏడాదికో రెండేళ్ళకో ఒక ప్రదర్శన. నాకు అన్నిటికన్నా ఇష్టమైంది సమావేశం చివరి అరగంట. ఎవరు ఏం కుట్టారో తెచ్చి అందరి ముందు పరిచి చూపిస్తారు. పూర్తికాని పని తెచ్చినా సరే. కొత్తగా చేరినామె వంకరకుట్టు చూపించినా చప్పట్లే. నేను మొదటి ఏడాది నిలబడ్డది ఆ చప్పట్ల వల్లే.

డబ్బు కోసం ఏడాదికొక మంచి బొంత అందరూ కలిసి కుట్టి, టికెట్లు అమ్మి, లక్కీ డ్రాలో ఇస్తారు. అక్కడా అలా చేయొచ్చేమో?

---

లెక్కల_సారు (కర్నూలు)

అమ్మా, ఆ టికెట్ల పని మాత్రం వద్దు. ప్రభుత్వ అనుమతి లేకుండా లాటరీ నడిపితే మన దగ్గర నేరం. సరదాకు చేశామంటే ఒప్పుకోరు. కావాలంటే ఆ బొంతను పదిమంది ముందు వేలం వేయండి. వినాయకుడి లడ్డూ వేలం వేయడం మనవాళ్ళకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

రిజిస్ట్రేషన్ గురించి అడిగారు కాబట్టి రెండు ముక్కలు. మొదటి దారి, 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం. ఏడుగురు ఉంటే చాలు. నియమావళి రాసుకోవాలి, ఏటా జనరల్ బాడీ పెట్టి కమిటీ జాబితా రిజిస్ట్రారుకు పంపాలి. అయితే మిగిలిన డబ్బును సభ్యులు లాభంగా పంచుకోకూడదు. రెండో దారి, 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం. దానికి కనీసం పదిమంది కావాలి. వ్యాపారం చేసి, మిగులును ఎవరి పనిని బట్టి వాళ్ళకు ఇచ్చుకోవడానికి ఇందులో వీలుంది. సహకారం మన జిల్లాకు కొత్తేమీ కాదు, ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప గారు చేనేతవాళ్ళ సహకార సంఘం పెట్టింది 1938లో.

అయితే నా మాట అడిగితే ఇప్పుడే ఏదీ వద్దు. 23 మంది, ఏడాదికి ఒకటో రెండో ఆర్డర్లు. ముందు ఆ 100 పేజీల పుస్తకం ఒక ఏడాది సరిగ్గా రాయండి. అది రాయలేని సంఘం చట్టం కింద రిటర్నులు పంపలేదు.

---

తుంగభద్ర_ఒడ్డు (కర్నూలు)

సారూ, పుస్తకాలక్కా, మీ మాటలు మా వాళ్ళకు చదివి వినిపించా. రెండు రోజులు, రెండు పుస్తకాలు అందరికీ నచ్చింది. కూలి దగ్గర మళ్ళీ చిక్కు పడింది. గంటల లెక్కన ఇస్తే నెమ్మదిగా కుట్టేవాళ్ళకు లాభం. ముక్క లెక్కన ఇస్తే ఒక బొంత మీద నలుగురు కూర్చుంటారు, ఎవరి ముక్క ఏది?

---

అనంత_సూదిదారం (అనంతపురం)

ఈ చిక్కులో మేం రెండేళ్ళు ఈదాం.

మొదట దారం ఉండల లెక్కన ఇచ్చాం. ఎక్కువ దారం పట్టిందంటే ఎక్కువ కుట్టినట్టే కదా అనుకున్నాం. ఒకామె కుట్టు మీద కుట్టు వేసి బొంతను అట్టముక్క చేసింది! తర్వాత చదరపు అడుగు లెక్కకు మారాం. ఈసారి కొందరు వరసకూ వరసకూ మధ్య జానెడు వదిలేసి పరుగులు పెట్టారు. రెండు ఉతుకులకే లోపలి గుడ్డ కదిలిపోయింది. చివరికి రెండూ కలిపాం. చదరపు అడుగుకు ఇంత, కానీ వరసల మధ్య ఒక వేలి వెడల్పు మాత్రమే. పని పంచే ఆమె వేలు పెట్టి చూస్తుంది. ఎడం ఎక్కువైతే మధ్యలో ఇంకో వరస వేశాకే లెక్కలోకి వస్తుంది. పైపొర మీద చాక్‌పీసుతో నాలుగు భాగాలు గీసి, ఎవరి భాగంలో వాళ్ళ పేరు రాస్తాం. ఉతికితే పోతుంది.

లెక్క ఇలా ఉంటుంది. 90 అంగుళాలకు 108 అంటే ఏడున్నర అడుగులకు తొమ్మిది, 67.5 చదరపు అడుగులు. మొదట్లో అడుగుకు 20 రూపాయలు ఇచ్చాం, బొంతకు 1,350. నలుగురు రోజుకు మూడు గంటల చొప్పున ఐదు రోజులు కుడితే 60 గంటలు. గంటకు ఇరవై రెండున్నర రూపాయలు పడింది. ఆ లెక్క పలక మీద వేసి చూపించాక ఎవరి నోటా మాట లేదు. ఇప్పుడు అడుగుకు 40, గంటకు 45 పడుతుంది. 3,500కు అమ్ముతాం. కూలి పోను మిగిలే 800లో దారం, సూదులు, ఉతుకు, టీ, సంఘం పెట్టెకు కొంత. "పాత చీరల బొంతకు 3,500 ఆ?" అని వెళ్ళిపోయేవాళ్ళు వెళ్ళిపోతారు. వాళ్ళను బతిమాలడం మానేశాక మాకు తలనొప్పి తగ్గింది.

ఇంకో చిన్న సంగతి. నలుగురి చెయ్యి నాలుగు రకాలు. దారం బిగించి లాగేవాళ్ళ పక్క బొంత ముడతపడుతుంది. అందుకే ముందు పొరలు కదలకుండా వేసే కచ్చా కుట్లు మొత్తం ఒకరిద్దరే వేస్తారు, బాగా చెయ్యి తిరిగినవాళ్ళు. వాళ్ళకు విడిగా 200.

---

జీన్స్_కటింగ్ (రాయదుర్గం)

మాది జీన్స్ కుట్టే యూనిట్. అక్కలూ, మా దగ్గర కటింగ్ ముక్కలు సంచుల కొద్దీ మిగుల్తాయి. సంఘాలకు ఊరికే ఇస్తామన్నా ఎవరూ రారు. బొంతలకు పనికొస్తాయా?

---

అనంత_సూదిదారం (అనంతపురం)

తమ్ముడూ, మేం ఒకసారి ప్రయత్నించాం. చేత్తో అయితే సూదులు విరుగుతాయి, వేలికి పెట్టుకునే టోపీ కూడా అరిగింది. మిషను మీద ముక్కలు అతికి, కిందపొరగా ఒక్కటే పెట్టి, లోపల ఏమీ లేకుండా కుడితే ఆటో సీట్లకూ, బండరాయి మీద కూర్చునే పట్టలకూ బాగా పోతాయి. ఒక సంచి పంపండి, రవాణా మేం పెట్టుకుంటాం.

---

గంతకు_తగ్గ_బొంత (ఆదోని)

నేను వెటకారానికి వచ్చినవాణ్ణి, కానీ ఒకటి అడగాలి. మా అమ్మ పోయి ఏడాదిన్నర. ఆమె చీరలు పదకొండు ఉన్నాయి. ఎవరికైనా ఇచ్చేయమంటారు, చేతులు రావు. బొంత కుట్టిస్తే బాగుంటుందని మా ఆవిడ అంటోంది. బళ్ళారి వైపు మా బంధువులు దీన్నే కౌది అంటారు, వాళ్ళ ఇళ్ళలో ఇలా కుట్టుకోవడం చూశాను. మీరు ఇలాంటివి తీసుకుంటారా? దీనికి ధర కడతారా? కడితే ఏమీ అనుకోను, అడుగుతున్నానంతే.

---

తుంగభద్ర_ఒడ్డు (కర్నూలు)

మా గొడవల్లో ఇదీ ఒకటి తమ్ముడూ. మొదటి పోస్టులో రాయలేదు. మా సభ్యురాలే ఒకామె వాళ్ళమ్మ చీరలతో కుట్టమంది. ఎనిమిది మందిమి మూడు వారాలు కుట్టాం. తర్వాత ఒకరు డబ్బు మాట ఎత్తారు. ఆమె ఏడ్చి వెళ్ళిపోయింది. అడిగింది తప్పు కాదు, అడిగిన రోజు తప్పు. ముందే చెప్పి ఉండాల్సింది.

---

పుస్తకాలక్క (కడప)

దానికి మూడో పుస్తకం వద్దు గానీ ఒక్క నియమం రాసుకోండి. సభ్యుల ఇంట్లో పుట్టుక, చావు ఏదైనా సరే, ఏడాదికి ఒక బొంత శనివారం పనిగా ఊరికే కుట్టాలి. దారం ఖర్చు ఇంటివాళ్ళది. బయటివాళ్ళకైతే అడుగు లెక్క, ముందే చెప్పాలి. ఆదోని తమ్ముడికి ఎంతని మాత్రం నన్ను అడగొద్దు.

---

అనంత_సూదిదారం (అనంతపురం)

ఆదోని తమ్ముడూ, చీరలు పట్టువైతే ముందే ఒకసారి మడత విప్పి వెలుతురుకు పట్టి చూడు. మడతల దగ్గర పట్టు చిట్లిపోయి ఉంటుంది, సూది దిగితే పీలికలవుతుంది. అలాంటివి పైపొరలో చిన్న ముక్కలుగా, వెనక పల్చటి నూలుగుడ్డ పెట్టి కుట్టాలి. అంచులు విడిగా తీసి చుట్టూ వేస్తే అందం. నూలు చీరలు లోపల పెట్టేయకండి, ఆమె రోజూ కట్టినవే పైకి రావాలి. మా సభ్యులు చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. పెళ్ళి చీర పైకి వేసి, వంటింటి చీర లోపల దాచేస్తారు.

---

ప్రొద్దుటూరు_ఆడబిడ్డ

ఆర్డర్ల గురించి ఒక సంగతి గుర్తొచ్చింది. అలబామా రాష్ట్రంలో 1966లో నల్లజాతి మహిళలు ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అని ఒక సహకార సంఘం పెట్టుకున్నారు. పౌరహక్కుల ఉద్యమం రోజులు. బొంతలు న్యూయార్కులో వేలానికి వెళ్ళాయి. తర్వాత సియర్స్ అనే పెద్ద దుకాణాల కంపెనీకి కార్డురాయ్ అనే చారల మందపు గుడ్డతో దిండు కవర్లు కుట్టే ఆర్డరు వచ్చింది. డబ్బు నిలకడగా వచ్చింది, కానీ అందరూ ఒకే కొలతకు ఒకే రకం కుట్టాలి. అదే ప్రాంతంలోని గీస్ బెండ్ ఆడవాళ్ళు ఇంట్లో తమ ఇష్టానికి కుట్టుకున్నవి 2002లో న్యూయార్కులోని విట్నీ మ్యూజియం గోడలకెక్కాయి, 2006లో తపాలా బిళ్ళల మీదికీ వచ్చాయి. పుస్తకాలక్క రెండు రోజులు విడదీయమన్నప్పుడు నాకు ఇదే మెదిలింది. లాడ్జి ఆయన ఆర్డరు మంచిదే, శనివారం మాత్రం ఆయనకు ఇవ్వొద్దు.

---

గంతకు_తగ్గ_బొంత (ఆదోని)

చూశాను అక్కా. పదకొండులో రెండు పట్టు, తొమ్మిది నూలు. రోజూ కట్టిందాంట్లో పసుపు మరకలున్నాయి. అవి తీయకుండా కుడతారా?

---

అనంత_సూదిదారం (అనంతపురం)

తీయం.

---

తుంగభద్ర_ఒడ్డు (కర్నూలు)

మూడు వారాలయింది, ఏం చేశామో చెప్తా. మొన్న శనివారం సూదులు పక్కన పెట్టి కూర్చున్నాం. అనంతపురం వాళ్ళలా ముగ్గురు. డబ్బు, పని దొరికారు, గుడ్డలకు ఎవరూ ముందుకు రాలేదు. చివరికి అలిగి మానేసిన ఇద్దరిలో ఒకామెను ఇంటికి వెళ్ళి అడిగా. గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడింది. లాడ్జి డబ్బు లెక్క మళ్ళీ వేస్తే వస్తానంది. వేశాం. హాజరు చూసి వాటాలు మార్చాం. ఎక్కువ తీసుకున్న నలుగురిలో ముగ్గురు తిరిగి ఇచ్చారు. నాలుగో ఆమె ఇవ్వలేదు, ఆ మొత్తం నేను పెట్టా. ఇంకొకామె ఇంకా రాలేదు.

214 చీరల్లో నూలు 97 మాత్రమే తేలాయి. మిగతావి ఇచ్చినవాళ్ళకు తిరిగి పంపడానికి ఆటో కట్టాం. నాలుగు ఇళ్ళ వాళ్ళు తలుపు తీయలేదు!

నూలువి ట్రంకు పెట్టెలో పెట్టి, కింద కాదు, మిద్దె మీద గదిలో ఉంచాం. 2009 అక్టోబరు వరద చూసిన మాకు కింద అంతస్తు అంటే భయం. అప్పుడు మా అమ్మ కుట్టిన బొంతలు ఏడు బురదలో పోయాయి. తాళంచెవులు రెండు, ఒకటి గుడ్డల ఆమె దగ్గర, ఒకటి పని పంచే ఆమె దగ్గర. నా దగ్గర లేదు. మా ఆయన నమ్మలేదు, మంచం కింద వంగి చూశాడు.

ఏప్రిల్ వస్తోంది. రేకుల కింద మధ్యాహ్నం కూర్చోలేం. అనంతపురం వదినా, మీరు ఎండల్లో ఏం చేస్తారు?

---

అనంత_సూదిదారం (అనంతపురం)

ఏప్రిల్ సగం నుంచి జూన్ మొదటి వారం దాకా కుట్టు బంద్. చేతి చెమటకు సూది జారుతుంది, దారం నల్లబడుతుంది. గుడ్డల ఆమెకు మాత్రం అదే సీజను. ఉతకడం, కోయడం, పొరలు జతచేసి మూటకట్టడం అన్నీ అప్పుడే. పొద్దున ఆరింటికి ఆరేస్తే తొమ్మిదికల్లా ఆరిపోతుంది. మూట మీద కొలత రాసి చీటీ కుట్టండి, జూన్‌లో వెతుక్కోనక్కర్లేదు.

---

జీన్స్_కటింగ్ (రాయదుర్గం)

అక్కా, సంచి పంపించా. బస్టాండులో పార్సిల్ ఆఫీసులో ఉంది. 31 కేజీలు వచ్చింది, ఇద్దరు మనుషులను తెచ్చుకోండి.